పిల్లి కోసం గొంతు తగ్గించిన ఇల్లు

మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అరుస్తారు. కోపం వచ్చి కాదు, అలవాటు. మా ఆయన పెళ్లికి ముందు నుంచీ సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాడు. సాంచా అంటే పవర్‌లూమ్ మగ్గం, మా నేతవాళ్లందరూ అలాగే అంటారు. రేకుల షెడ్డు కింద వరసలు వరసలుగా సాంచాలు కొట్టుకుంటుంటే పక్కవాడు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడదు. పని దిగి వచ్చాక ఒక గంటసేపు చెవులు గుయ్యిమంటాయి, చాయ్ తాగితే సర్దుకుంటుంది అని కార్ఖానా వాళ్లందరి నమ్మకం. ఆ గంటసేపు మేం అరిచి మాట్లాడాలి. గంట కాస్తా రోజంతా అయింది. భేస్తాన్‌లో మా గల్లీ నిండా సాంచాల వాళ్లే కాబట్టి గల్లీ మొత్తం అరుస్తుంది. పైగా నేను తెలుగు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే టీచరును. నా గొంతు మూల మీది పాన్ డబ్బా దాకా వినబడుతుందని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది.

అలాంటి ఇంటికి ఆ పిల్ల ఒక ముసలి పిల్లిని తెస్తానంది.

అమ్మాయి పనిచేసేది చీరల మార్కెట్‌లో ఒక ఆఫీసులో. అక్కడ పెద్ద ఉద్యోగంలో ఉన్న గుజరాతీ ఆవిడ, అక్కయ్య అన్నట్టుగా అందరూ బెన్ అంటారు, రిటైరై వడోదరలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. చెల్లెలికి ఆయాసం, పిల్లి వెంట్రుక తగిలితే ఊపిరాడదు. బెన్ పదేళ్లకు పైగా పెంచిన పిల్లి ఎటూ కాకుండా మిగిలింది.

"మనుషులకే జాగ లేదు, పిల్లి ఎందుకే మనకు? అందుల ముసల్ది. తెచ్చుకుంటె చిన్న కూన తెచ్చుకుంటరు గని గిట్ల ముసలిదాన్ని ఎవలన్న తెస్తరా?" అన్నాను.

"గందుకే మమ్మీ. ఎవ్వలు తీస్కపోరు దాన్ని," అంది.

మా ఆయన వైపు తిరిగి, ఏమంటవు అని అడిగాను. "ఆ" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. నేను ఏది అడిగినా ఆ అంటాడు. మొగుడు మాటకు ఎదురు చెప్పడని గల్లీలో ఆడవాళ్ల ముందు నేను కాలరెగరేసేదాన్ని.

బెన్ ఒక ఆదివారం మూత ఉన్న బుట్టలో పిల్లిని పెట్టుకుని ఆటోలో వచ్చింది. సన్నటి మనిషి, అంతకంటే సన్నటి గొంతు. ఆమె మాట వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది. సగం హిందీ, సగం గుజరాతీలో చెప్పింది. "వెనక నుంచి వెళ్లి పట్టుకోకండి, ఉలిక్కిపడుతుంది. ఎదురుగా కింద కూర్చోండి. మెల్లగా మాట్లాడండి. దానంతట అదే వస్తుంది. తొందరపెట్టకండి."

"అట్లనే బెన్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను నా మామూలు గొంతుతోనే. బుట్టలో పిల్లి అడుగుకు అతుక్కుపోయి, అక్కడికక్కడే తడిపేసింది. బెన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకైతే దిమ్మ తిరిగింది. నా గొంతు విని ఒక ప్రాణి అలా హడలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. బడిలో పిల్లలు కూడా భయపడరు.

బెన్ లేచేముందు ఒక మాట చెప్పి వెళ్లింది. నెలాఖరుకు ఆమె ప్రయాణం. ఆలోగా ఒకసారి వచ్చి చూస్తుంది. పిల్లి ఇక్కడ కుదురుకుంటే సరే, లేకపోతే జంతువుల ఆశ్రమంలో వదలడం తప్ప దారి లేదు. "ఇంత వయసొచ్చింది. అక్కడ వందల పిల్లుల మధ్య..." అని ఆపేసింది. మిగతాది మాకే అర్థమైంది.

పిల్లి ఫ్రిజ్ వెనక దూరింది. బూడిద రంగు ఒళ్లు, మూతి దగ్గర నెరిసిన వెంట్రుకలు. బెన్ ఇచ్చిన పొట్లాల మేత గిన్నెలో అలాగే ఎండిపోయింది. రెండో రోజూ అంతే. ఫోన్ చేసి అడిగితే పశువుల డాక్టరు, ఈ వయసు పిల్లి వరసగా తినకుండా ఉంటే కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం మీదికి వస్తుంది అన్నాడు. అమ్మాయి ఫ్రిజ్ పక్కన కూర్చుని ముక్కు చీదింది. ఏడుపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఏడిస్తె తింటదా అది?" అని అరిచాను. ఫ్రిజ్ వెనక గరగరమని గోళ్ల చప్పుడు, ఇంకా లోపలికి.

అప్పుడు అమ్మాయి చట్టం పెట్టింది. "మమ్మీ, ఇయ్యాల్టి నుంచి ఇంట్ల అందరు ధీమే, మెల్లగనే మాట్లాడాలె. టీవీ బంద్. మిక్సీ బంద్. గిన్నెల చప్పుడు చెయ్యద్దు. నువ్వైతె అసలు మాట్లాడకు."

చెప్పడం తేలికే. గుసగుసగా మాట్లాడదామని నోరు తెరిస్తే మొదటి మాట చిన్నగా, రెండో మాట మామూలుగా వచ్చేది. పూటకే విసుగొచ్చింది. అప్పుడు మాకు కార్ఖానా సైగలు గుర్తొచ్చాయి. సాంచాల మధ్య మాట వినబడదు కాబట్టి అక్కడ మనుషులు చేతులతో, మూతి కదలికతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. నెత్తి మీద టోపీ పెట్టుకున్నట్టు చేస్తే సేట్ వస్తున్నాడు, జాగ్రత్త. పెళ్లైన కొత్తలో సద్ది పట్టుకెళ్లినప్పుడు నాకు వచ్చేశాయి, చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని వచ్చి అమ్మాయీ నేర్చుకుంది. ఇంట్లో ఎన్నడూ వాడలేదు. ఇప్పుడు పిల్లి పుణ్యమా అని వాడడం మొదలుపెట్టాం. అన్నం పెట్టనా, పప్పు చాలా, నీళ్లు వచ్చాయి, పక్కింటి వదిన వస్తోంది, అన్నీ చేతులతోనే. కొత్త సైగలు కూడా పుట్టించాం. రెండు వేళ్లు నెత్తి మీద చెవుల్లా పెడితే పిల్లి.

ఆ రోజుల్లో మా ఆయన మారిపోయాడు. ఇంటికి వస్తే మూలన కూర్చుని పేపరు చూసే మనిషి, మా మధ్యకు వచ్చి కూర్చునేవాడు. నేను వంటింట్లో నుంచి బయటికి వస్తుంటే అమ్మాయికి టోపీ సైగ చేసేవాడు, సేట్ వస్తోంది అని. ఇద్దరూ చప్పుడు కాకుండా పడీపడీ నవ్వేవారు. కార్ఖానాలో ఎవడు ఎవడితో కొట్లాడాడో, మేస్త్రీ ఎలా జారిపడ్డాడో చేతులతో ఆడి చూపించేవాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన అన్ని కబుర్లు చెప్పగా నేను చూడలేదు. ఈయనలో ఇంత మనిషి ఉన్నాడా అని విస్తుపోయాను. పిల్లి వచ్చిన వేళావిశేషం అని పక్కింటి వదినతో చెప్పుకున్నాను కూడా.

పిల్లి మొదట ఆయన దగ్గరికే వచ్చింది. ఒక సాయంత్రం ఆయన నేల మీద కూర్చుని చేప ముక్కలో ముళ్లు తీస్తుంటే ఫ్రిజ్ వెనక నుంచి తల బయటపెట్టింది. శాకాహారి ఇంట్లో పొట్లాల మీద పెరిగిన పిల్లి, అసలు చేప ఎన్నడు చూసిందో ఏమో, వాసనకే నిలువునా ఆగిపోయింది. తర్వాత తిన్నది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. అరవకూడదు కాబట్టి ఇద్దరం నోళ్లు మూసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాం.

అప్పటి నుంచి తిండికి లోటు లేదు. నేను వంటింట్లో ఉంటే కాళ్ల దగ్గర నిలబడి మ్యా మ్యా అని ప్రాణం తీసేది. అమ్మాయి ఆఫీసు నుంచి వస్తే గుమ్మం దగ్గరే మొదలుపెట్టేది. ఆయన్ని మాత్రం అడుక్కునేది కాదు. వచ్చి ఆయన పాదం మీద ముందుకాలు పెట్టి నిలబడేది. ఆయన కిందికి చూసి, నవ్వి, లేచేవాడు. నాకు కడుపుమంట. గిన్నె కడిగేది నేను, ఒంటేలు తుడిచేది నేను, మర్యాద ఆయనకు.

బెన్ వస్తానన్న రోజు దగ్గరపడింది. చలి మొదలైంది. మా ముందుగదిలో దివాన్ ఉంది, కింద పెట్టెలాగా ఉండి పైన చెక్క మూత, దాని మీద పరుపు. దుప్పట్లు, బొంతలు అన్నీ అందులోనే. ఒక పొద్దున అమ్మాయి అందులోంచి దుప్పటి తీసి, మూత వేసి, పరుపు సర్ది ఆఫీసుకు పరిగెత్తింది. నేను అప్పటికే బడికి వెళ్లిపోయాను. మా ఆయన రాత్రి పని చేసి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు.

మధ్యాహ్నం నేను గల్లీ మలుపు తిరగ్గానే పక్కింటి వదిన ఎదురొచ్చింది. "వదినా, మీ పిల్లికేమైంది? పొద్దట్నుంచి ఒక్కటే ఏడుపు. తలుపు కొట్టిన, కొట్టిన, అన్న తియ్యనే తియ్యలే. లోపటనే ఉన్నడు, కిటికిల కెళ్లి కనవడ్తున్నడు."

సంచీ అక్కడే పడేసి ఉరికాను. గుమ్మం దగ్గరికే వినబడింది. అది మామూలు మ్యా కాదు. గొంతు చీరుకుపోయి, ఆగి, మళ్లీ ఎక్కడో లోపలి నుంచి. తాళంచెవి తిప్పి తలుపు తోశాను.

మా ఆయన దివాన్ మీద కూర్చున్నాడు. పక్కన ఈనెలు తీయమని నేను పెట్టి వెళ్లిన పాపడీ చిక్కుడు అలాగే ఉంది. తల చేతుల్లో పెట్టుకున్నాడు. నేను ఎదురుగా వెళ్లేదాకా తల ఎత్తలేదు. ఎత్తాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పిల్లి ఎటో వోయింది," అన్నాడు. "ఇల్లంత దేవులాడిన. బయట నాలా దాంక పోయి చూసొచ్చిన. ఏడ లేదు. పొల్లకు ఏం జవాబు చెప్పాలె?"

ఆయన కూర్చున్న చెక్క కింద నుంచి పిల్లి అరిచింది.

తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. "చెవుల ఏం పెట్టుకున్నవు? మనిషివేనా నువ్వు? లోపల అది సస్తుంటె మీద కూసోని ఆటలా?" అని చెడామడా తిట్టాను. ఆయన నా మూతి వంకే చూస్తున్నాడు, అర్థం చేసుకోవడానికి తంటాలు పడుతున్నాడు. కోపంలో నా మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కింద పిల్లి మళ్లీ అరిచింది, ఈసారి గోళ్లతో చెక్కను గీరుతూ. ఆయన కళ్లు కదల్లేదు. కనురెప్ప కూడా పడలేదు.

ఇంతసేపూ అరిచిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

లెమ్మని సైగ చేశాను. లేచాడు. పరుపు లాగేసి మూత ఎత్తాను. బొంతల మీద నుంచి పిల్లి బయటికి దూకింది. ఒక గోరు విరిగి నెత్తురు కారుతోంది, మూతికి దూది అంటుకుంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేరుగా ఫ్రిజ్ వెనక్కి పోయింది.

మా ఆయన తెరిచిన పెట్టెలోకి చూస్తూ నిలబడ్డాడు. "ఇండ్లున్నదా?" అన్నాడు. బొంత మీద చెయ్యి పెట్టి, "గింతసేపు ఇండ్ల ఉంటె, మరి అది ఒర్రలేదా?" అని అడిగాడు.

అరిచింది అని చేత్తో చెప్పడానికి కూడా నా చెయ్యి లేవలేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చాక చెప్పాను. నమ్మలేదు. ఆయన వెనక్కి వెళ్లి నిలబడి మామూలు గొంతుతో, "బాపు, నాకు లగ్గం కుదిరింది," అంది. ఆయన పేపరు తిప్పాడు. నేను వంటింట్లోకి పోయి ఎప్పటిలాగే కేక వేశాను, చాయ్ పెట్టాలా అని. "ఆ" అన్నాడు. అమ్మాయి నా వంక, హమ్మయ్య వినబడుతోంది అన్నట్టు చూసింది. అక్కడి నుంచే, అదే గొంతుతో, "ఇల్లు కాలిపోతుంది, ఉరుకుదామా?" అని అరిచాను.

"ఆ," అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అమ్మాయికి నవ్వు వచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. నేను పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. వంటింట్లోంచి ఏదో చప్పుడు వస్తే నేను ఏదో అడిగానని ఆయనకు తెలుసు, అంతే. దానికి జవాబు ఆ. ఎన్నేళ్ల ఆ అది? ఇల్లు మారదామా అంటే ఆ. పిల్లను కాలేజీలో వేద్దామా అంటే ఆ. మా ఆయనంత మంచివాడు లేడని ఊరంతా చెప్పుకున్నానే, ఆ మంచితనంలో ఎంత మంచితనమో ఎంత వినబడకపోవడమో ఇప్పుడు నాకు ఎవరు చెప్పాలి?

ఎదురుగా కూర్చుని అడిగితే ఆయన మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "అందరికి గట్లనే గదా," అన్నాడు. "మూతి కదిలితె ఎరుకైతది. ఎన్కకెళ్లి మాట్లాడితె ఎవలికి ఇనవడ్తది?" మేమంతా కూడా మూతులు చూసే మాట్లాడుకుంటున్నామని అనుకుంటున్నాడు. కార్ఖానాలో పక్క సాంచా వాళ్లందరిదీ అదే తీరు కాబట్టి ఆయనకు తేడా తెలిసే దారే లేకపోయింది.

పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరు మన ఆంధ్ర కుర్రవాడే. పరీక్షలన్నీ చేసి, రెండు చెవులూ చాలావరకు పోయాయి, మెల్లమెల్లగా పోయాయి కనుక తెలియలేదు, మిషను పెడితే కొంత లాభం ఉంటుంది అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, వెనక నుంచి పిలవకండి, కంగారుపడతారు. ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడండి. అరవద్దండీ, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. తొందరపెట్టకండి," అన్నాడు. అమ్మాయి నా మొహం చూసింది. బుట్ట పట్టుకుని మా ఇంట్లో కూర్చున్న బెన్ ఇద్దరికీ గుర్తొచ్చింది.

పిల్లి మళ్లీ తిండి మానేసింది. చేప పెట్టినా ఫ్రిజ్ వెనక నుంచి రాలేదు. మా ఆయన కూడా సరిగ్గా తినలేదు. తన కింద అది చచ్చిపోతుండగా తాను కూర్చున్నాడన్న మాట ఆయన్ని వదల్లేదు. "బెన్ వస్తె పంపియ్యి," అన్నాడు నాతో. "నా అసొంటోని ఇంట్ల అది బతకది. ఇంకోపారి ఏడనన్న ఇరుక్కుంటె? నేను ఒక్కన్నే ఉంటె?"

"ఆశ్రమంల బతుకుతదా?" అన్నాను.

"ఆడ ఒర్రితె ఇనేటోల్లన్న ఉంటరు," అన్నాడు.

బెన్ వచ్చింది, ఖాళీ బుట్టతోనే. జరిగింది అంతా అమ్మాయి దాచకుండా చెప్పింది. బెన్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన దివాన్ చివర తల వంచుకుని కూర్చున్నాడు, తీర్పు వినడానికి వచ్చినవాడి మాదిరి. బెన్ తన సన్నటి గొంతుతో పిలిచింది. పిల్లి బయటికి వచ్చింది. బెన్ కాళ్ల చుట్టూ తిరుగుతూ మ్యా మ్యా అని ఒకటే ఫిర్యాదులు. పోతుంది, ఇక పోతుంది అనుకుని నేను గోడ వైపు తిరిగాను. ఆ పిల్లి మీద నాకు అంత ప్రేమ ఉందని నాకే తెలియదు.

చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాను. పిల్లి బెన్‌ను వదిలేసి, కుంటుతూ గది దాటి మా ఆయన ముందుకు వెళ్లింది. ఆయన చూడలేదు. పిల్లి నోరు తెరవలేదు. పాదం మీద ముందుకాలు పెట్టి, ఆయన కిందికి చూసేదాకా అలాగే నిలబడింది.

బెన్ అది చూసి మా వైపు తిరిగింది. "ఇది నా దగ్గర ఎన్నడూ ఇలా చేయలేదు. ఏం కావాలన్నా నోటితోనే. రోజంతా వాగుతూనే ఉంటుంది. ఈయన దగ్గర ఎప్పటి నుంచి ఇలా?"

"మొదటి వారంలకెళ్లి," అంది అమ్మాయి, తెలుగులోనే. మర్యాద అనుకుని నేను కుళ్లుకున్నది ఇదా. అడిగి అడిగి చూసి, ఈ మనిషికి వినబడదని తెలుసుకుని, ముట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఫ్రిజ్ వెనక నుంచి వచ్చిన నాలుగు రోజులకే దానికి తెలిసింది. ఒకే కంచం పక్కన ఇన్నేళ్లు కూర్చున్న నాకు తెలియలేదు.

బెన్ బుట్టను మా గుమ్మం పక్కనే వదిలేసి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆమెను ఆటో ఎక్కించి వచ్చి వంటింట్లో చాయ్ గిన్నె పెట్టాను. చాయ్ పెట్టాలా అన్న కేక గొంతు దాకా వచ్చింది. మింగేసి ముందుగదిలోకి వెళ్లాను. ఆయన ఒళ్లో పిల్లి ఉంది. ఎదురుగా కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. తల ఎత్తాడు.

"చాయ్ తాగుతవా?" అన్నాను, మెల్లగా.

ఆయన నా మూతి చూశాడు, కళ్లు చూశాడు.

"వద్దు," అన్నాడు. "మాపటీలి చాయ్ తాగితె నాకు కడుపుల మంట. ఎన్నడన్న అడుగుతవేమో అనుకున్న."